కామెర్లూ రక్తహీనతా కలిసి వస్తే: కూంబ్స్ పరీక్ష ఎలా చేయించుకోవాలి

కళ్లు పచ్చబడ్డాయంటే మన గోదావరి జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది పసరు మందు. ఫలానా ఊళ్లో పరగడుపున పోస్తారట, ఉప్పూ నూనే మానేస్తే చాలట అని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. మొహం పాలిపోయిందంటే రక్తం పట్టే టానిక్కు, ఐరన్ బిళ్లలు, బీట్‌రూట్ రసం. ఈ రెండూ ఒకే మనిషికి, కొద్ది రోజుల తేడాలో కనబడితే మాత్రం పసరూ వద్దు, టానిక్కూ వద్దు. ఒంట్లో ఎర్ర కణాలు విరిగిపోతున్నాయేమోనని అనుమానించాలి. కణాలు తగ్గిపోతున్నాయి కాబట్టి మనిషి పాలిపోతాడు. విరిగిన కణాల్లోని హిమోగ్లోబిన్ బిలిరుబిన్‌గా మారుతుంది కాబట్టి కళ్లు పచ్చబడతాయి. లివర్‌లో ఏ లోపమూ లేకపోయినా సరే.

కణాలు విరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి, మన ఒంటి రక్షణ వ్యవస్థే మన ఎర్ర కణాల మీద యాంటీబాడీలు తయారుచేసి వాటిని నాశనం చేయించడం. దీన్ని ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఈ జబ్బు ముదిరినప్పుడు అది కొద్ది రోజులకే పోతుంది. దీనికి మందు ఉంది, చాలామంది కోలుకుంటారు. కాకపోతే ఇదే జబ్బు అని తేల్చుకోవాలి. తేల్చేది డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్, పొట్టిగా డీసీటీ. కొన్ని ల్యాబుల్లో డీఏటీ అని రాస్తారు, రెండూ ఒకటే.

పరీక్ష చిన్నదే. కానీ శాంపిల్ ఎప్పుడు తీశారు, ఎలా తీసుకెళ్లారు, వచ్చిన రిపోర్టును వేటితో కలిపి చదివారు అన్నవాటి మీదే దాని విలువంతా ఉంది. రోగి పక్కన ఫైలు పట్టుకుని తిరిగే మనిషికి ఈ మూడు సంగతులూ తెలిసి ఉంటే డాక్టరుగారి పని సగం తేలికవుతుంది. ఇది ఆ మనిషి కోసం రాస్తున్నది.

మొదట ఇంట్లో చూడాల్సినవి

రోగిని పగటి వెలుతురులోకి తీసుకొచ్చి కూర్చోబెట్టండి. ట్యూబ్‌లైటు కింద పసుపు సరిగ్గా తెలియదు. కింది రెప్పను వేలితో కొద్దిగా లాగి లోపలి పొర చూడండి, ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉందా? అదే కంట్లో తెల్లగుడ్డు పచ్చగా ఉందా? నాలుక, గోళ్లు, అరచేతి గీతలు కూడా చూడండి.

తర్వాత మలమూత్రాల రంగు అడగండి. మొహమాటపడొద్దు, ఇది చాలా విలువైన ఆనవాలు. పిత్తనాళం మూసుకుపోయి వచ్చే కామెర్లలో మలం సున్నం రంగుకు తిరుగుతుంది, ఒళ్లంతా దురద పెడుతుంది. కణాలు విరిగి వచ్చే కామెర్లలో మలం రంగు తగ్గదు, దురద ఉండదు. మూత్రం ముదురు పసుపు కావచ్చు. రక్తనాళాల్లోనే కణాలు పగిలిపోతుంటే మూత్రం డికాక్షన్ రంగులో, కోలా రంగులో వస్తుంది.

అలాంటి మూత్రం వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, గుండె దడదడలాడుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, మనిషి మాటలో తేడా వచ్చినా ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. హిమోగ్లోబిన్ ఒక్క రోజులో రెండు మూడు గ్రాములు పడిపోయే జబ్బు ఇది. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు, పంటు దాటాల్సినవాళ్లు సాయంత్రం దాకా ఆగి చూద్దాం అనుకోకండి. రేవు కట్టేశాక ఆ రాత్రి మీ చేతిలో ఉండదు.

ఊళ్లోని ల్యాబులో చేయించాల్సిన మొదటి విడత

కూంబ్స్‌కి పరుగెత్తే ముందు కణాలు నిజంగా విరుగుతున్నాయో లేదో తెలియాలి. అమలాపురం, పాలకొల్లు, రావులపాలెం, తణుకు, ఏ ఊరైనా మామూలు ల్యాబులో అయ్యే పరీక్షలే ఇవి: సీబీసీ (రక్తకణాల లెక్క), రెటిక్యులోసైట్ కౌంట్, పెరిఫెరల్ స్మియర్, బిలిరుబిన్‌లో టోటల్‌తో పాటు డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విడివిడిగా, ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష), ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే రక్తంలోకి వచ్చే ఎంజైము). హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీను పరీక్ష ఒకటుంది, బయటికి పంపాల్సి రావచ్చు, దాని కోసం ఆగొద్దు.

రిపోర్టు చేతికొచ్చాక ఇలా చదవండి. బిలిరుబిన్ పెరిగి, అందులో ఎక్కువ భాగం ఇన్‌డైరెక్ట్ అయి, ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే లివర్ మీద అనుమానం తగ్గుతుంది. లివర్ బాగున్న మనిషికి కణాలు విరగడం ఒక్కదానివల్లే బిలిరుబిన్ సాధారణంగా 4, 5 దాటదు. 15, 20 ఉందంటే వేరే కారణమో, తోడుగా ఇంకో కారణమో ఉంటుంది. ఎల్‌డీహెచ్ పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ పడిపోతుంది.

రెటిక్యులోసైట్లంటే ఎముక మజ్జ కొత్తగా వదిలిన పిల్ల కణాలు. మామూలుగా 0.5 నుంచి 2.5 శాతం ఉంటాయి. రక్తం విరిగిపోతుంటే మజ్జ తన పని పెంచి వాటిని ఎక్కువగా వదులుతుంది, కౌంటు పది దాటొచ్చు, ఇరవై కూడా దాటొచ్చు. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతలో ఇలా పెరగదు. టానిక్కు తాగితే సరిపోయే జబ్బా, కాదా అన్నది ఈ ఒక్క అంకెతో చాలావరకు తేలిపోతుంది. అయినా మన దగ్గర ఎక్కువగా రాయకుండా వదిలేసేది ఈ పరీక్షనే. సీబీసీకి ఇచ్చిన రక్తంతోనే అయిపోతుంది కాబట్టి అడిగి చేయించుకోండి. మొదటి కొద్ది రోజుల్లో మజ్జ ఇంకా అందుకోక ఈ కౌంటు తక్కువగా ఉండొచ్చు. ఒకసారి తక్కువ వచ్చిందని వదిలేయకుండా మళ్లీ చేయించాలి.

స్మియర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గాజు పలక మీద రక్తపు చుక్కను పలచగా లాగి, రంగు వేసి, పాథాలజిస్టు కంటితో చూసే పాత పద్ధతి ఇది. మామూలు ఎర్ర కణం నడుమ పాలిపోయి కనిపిస్తుంది. యాంటీబాడీ అంటుకున్న కణాన్ని ప్లీహంలోని కణభక్షకాలు కొంచెం కొంచెంగా కొరికేస్తాయి. పైపొర తగ్గిపోయి మిగిలినది ముడుచుకుని గుండ్రని ఉండ అవుతుంది, నడుమ ఆ పాలిపోయిన భాగం ఉండదు. వీటిని స్ఫీరోసైట్లు అంటారు. రిపోర్టులో ఈ మాట కనబడితే కూంబ్స్ చేయించి తీరాలి. అలా కాక విరిగిన పెంకుల్లాంటి ముక్కలు, అంటే షిస్టోసైట్లు ఎక్కువగా ఉండి ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఉంటే అది టీటీపీ, అంటే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు, కావచ్చు. అది గంటల లెక్కన చూడాల్సిన అత్యవసరం, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలి. మిషన్ ఇచ్చిన కాగితం ఒక్కటే కాకుండా స్మియర్‌ను పాథాలజిస్టు స్వయంగా చూసి రాసిన వాక్యాలు ఉన్నాయా అని చూసుకోండి.

శాంపిల్ తీసేదాకా ఆపాల్సినవి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. హిమోగ్లోబిన్ 5 అని తెలియగానే ఇంట్లో అందరం కంగారుపడి ముందు రక్తం ఎక్కించండి అంటాం. ఎక్కించాక కూంబ్స్ చేస్తే ఏమవుతుంది? ట్యూబులో రోగి కణాలతో పాటు దాత కణాలూ ఉంటాయి. పాజిటివ్ వస్తే అది ఎవరి కణాల మీద వచ్చిందో అర్థం కాదు. గ్రూపింగ్, తర్వాత చేయాల్సిన యాంటీబాడీ పరీక్షలు అన్నీ చిక్కుపడతాయి. కాబట్టి రక్తం ఎక్కించే ముందే శాంపిల్ తీయించండి. తీయడానికి రెండు నిమిషాలు చాలు, రిపోర్టు కోసం ఆగాల్సిన పనిలేదు. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి పరీక్ష పేరు చెప్పి రక్తం ఆపకూడదు. ముందు ట్యూబు నింపుకుని ఎక్కించమంటున్నాను, అంతే.

రెండోది స్టెరాయిడ్. నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే సెలైనులో ఏదో ఒక సూది కలుపుతారు, అందులో డెక్సామెథసోన్ ఉండే అవకాశం ఉంది. ఒక్క డోసుతో కూంబ్స్ నెగెటివ్ అయిపోదు గానీ, జబ్బు తీరు మసకబారుతుంది. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) లాంటిది వెనక దాగి ఉంటే అది కూడా కప్పబడిపోతుంది. ఏ సూది వేశారో ఒక కాగితం మీద రాయించుకోండి. ఆర్‌ఎంపీని తప్పుపట్టడానికి కాదు, రేపు చూసే డాక్టరుకు ఆ సమాచారం అవసరం.

శాంపిల్ ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీయాలి. ఎర్ర మూత ట్యూబులో గడ్డకట్టిన రక్తంతో డీసీటీ చేస్తే, ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు కాంప్లిమెంట్ అనే ప్రొటీను కణాల మీద దానంతటదే అంటుకుని లేనిపోని పాజిటివ్ రావచ్చు. ఈడీటీఏ క్యాల్షియాన్ని పట్టేసి ఆ గొడవ లేకుండా చేస్తుంది.

అడగాల్సింది డైరెక్ట్

చీటీ మీద ఉత్త కూంబ్స్ టెస్ట్ అని మాత్రమే ఉంటే ల్యాబువాళ్లు ఇన్‌డైరెక్ట్ చేసి పంపేసే ప్రమాదం ఉంది. కారణం ఏమిటంటే, కూంబ్స్ అనే పేరు ఎక్కువగా వినబడేది గర్భిణుల విషయంలో. తల్లిది నెగెటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే గైనకాలజిస్టు ఇన్‌డైరెక్ట్ కూంబ్స్, పొట్టిగా ఐసీటీ, రాస్తారు. తల్లి సీరంలో బిడ్డ కణాల మీద పనిచేసే యాంటీబాడీ తేలుతోందా అని చూడటానికి అది. మనకు కావాల్సింది వేరు. యాంటీబాడీ ఇప్పటికే రోగి కణాల మీద అంటుకుని ఉందా అని చూడాలి, అది డైరెక్ట్. డాక్టరుగారిని మర్యాదగానే అడగండి: "డాక్టర్‌గారండీ, రక్తం ఎక్కించే ముందు డైరెక్ట్ కూంబ్స్‌కి శాంపిల్ తీయిస్తారా? పాజిటివ్ వస్తే ఐజీజీ, సీ3డీ విడివిడిగా చేయమని కూడా రాస్తారా అండీ?" ఈ రెండు వాక్యాలు ఫోన్‌లో టైపు చేసి పెట్టుకున్నా తప్పులేదు. ఐజీజీ అంటే ఒక రకం యాంటీబాడీ, సీ3డీ అంటే పైన చెప్పిన కాంప్లిమెంట్‌లో ఒక ముక్క.

ఎక్కడ చేయించాలంటే, వీలైతే బ్లడ్ బ్యాంకు ఉన్న ఆసుపత్రిలో. కాకినాడ జీజీహెచ్, రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రి, అమలాపురం, రాజానగరం, ఏలూరు వైపు మెడికల్ కాలేజీ ఆసుపత్రులు మీకు దగ్గర్లో ఏది ఉంటే అది. వెళ్లే ముందు బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి డీసీటీ చేస్తారా, ఐజీజీ, సీ3డీ కార్డు ఉందా అని కనుక్కోండి. లేకపోతే బయటి ల్యాబుకు పంపుతారు, ఆ లెక్కన సమయం చూసుకోవచ్చు. అడ్మిట్ చేయాల్సి వస్తే ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అనే పథకం, కింద ఏమేం వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

లోపల జరిగేదేమిటంటే

రోగి కణాలను సెలైనుతో పలుమార్లు కడుగుతారు. చుట్టూ ఉన్న ప్లాస్మా ప్రొటీన్లు పోయి, కణాలకు గట్టిగా అంటుకున్నవే మిగులుతాయి. దాని మీద మనిషి యాంటీబాడీలను పట్టుకునే ఒక ద్రవం వేస్తారు, దాని పేరు యాంటీ హ్యూమన్ గ్లోబ్యులిన్. ఐజీజీ రకం యాంటీబాడీ చాలా పొట్టిది, రెండు ఎర్ర కణాల మధ్య దూరాన్ని అందుకోలేదు. అందుకే అది అంటుకుని ఉన్నా కణాలు విడివిడిగానే తేలుతుంటాయి. ఈ ద్రవం రేవులో పక్కపక్కన ఉన్న రెండు పడవలను కట్టిన తాడులా అటు యాంటీబాడీని, ఇటు యాంటీబాడీని పట్టుకుంటుంది. కణాలు గుత్తులు గుత్తులుగా కూడుకుంటాయి. అదే పాజిటివ్. ఇప్పుడు ఎక్కువగా జెల్ కార్డులు వాడుతున్నారు: కార్డును మిషన్‌లో గిరగిరా తిప్పినప్పుడు విడి కణాలు జెల్ గుండా అడుగుకు జారిపోతాయి, గుత్తు కట్టినవి పైనే ఆగిపోతాయి. పైన ఎర్రటి గీతలా నిలిచిందంటే 4+, అడుగున బొట్టులా చేరిందంటే నెగెటివ్, మధ్యలో చెదిరితే 1+ నుంచి 3+.

కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్, ఆర్థర్ మూరాంట్, రాబర్ట్ రేస్ 1945లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఆ మూలసూత్రాన్ని ఇటలీకి చెందిన కార్లో మోరెస్కి 1908లోనే చూపాడు, కానీ ఎవరూ పట్టించుకోలేదు. మన కథకు ముఖ్యమైనది 1946. పుట్టుకతో వచ్చే స్ఫీరోసైట్ల జబ్బునూ, తర్వాత వచ్చిన ఇమ్యూన్ జబ్బునూ స్మియర్ చూసి వేరుచేయడం కష్టం, రెండింటిలోనూ అవే గుండ్రటి కణాలు. బూర్మన్, డాడ్, లౌటిట్ అనే ముగ్గురు ఆ ఏడాది ఈ పరీక్షతో రెండింటినీ వేరుచేసి చూపించారు. పుట్టుకతో వచ్చినదాంట్లో నెగెటివ్, యాంటీబాడీతో వచ్చినదాంట్లో పాజిటివ్. ఇవాళ మీ చీటీ మీద డీసీటీ రాస్తున్నారంటే అదే కారణం. మొదటి జబ్బులో స్టెరాయిడ్ పనిచేయదు. రెండో జబ్బులో అదే మొదటి మందు.

రిపోర్టు చదవడం

ఐజీజీ ఒక్కటే పాజిటివ్, లేదా ఐజీజీతో పాటు సీ3డీ కూడా పాజిటివ్ అయితే, ఎక్కువగా వెచ్చని రకం. ఒంటి వేడిలోనే యాంటీబాడీ పనిచేస్తుంది, కణాలు ప్లీహంలో నాశనమవుతాయి. పెద్దవాళ్లలో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇదే. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌కు చాలామందిలో ఒకటి నుంచి మూడు వారాల్లో ఫలితం కనిపిస్తుంది. సీ3డీ ఒక్కటే పాజిటివ్ అయి ఐజీజీ నెగెటివ్ అయితే, యాంటీబాడీ చల్లదనంలో పనిచేసే చల్లని రకాన్ని ఆలోచించాలి. అక్కడ స్టెరాయిడ్లు పెద్దగా పనిచేయవు. అందుకే ఉత్త పాజిటివ్ అన్న మాటతో సరిపెట్టుకోవద్దని పైన చెప్పింది. ఏ రకమో తెలియకుండా నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే షుగరు, ఎముకలు పెళుసుబారడం, ఇన్ఫెక్షన్లు మిగులుతాయి, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టేనా? కాదు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న రక్తదాతల్లో కూడా అరుదుగా పాజిటివ్ వస్తుంది. వేరే జబ్బులతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్లు తీసుకున్నవాళ్లకు వస్తుంది. గర్భిణులకు బీపీకి ఇచ్చే మిథైల్‌డోపాను దీర్ఘకాలం వాడినవాళ్లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో పాజిటివ్ వస్తుంది, వాళ్లలో కణాలు నిజంగా విరిగేది ఏ కొద్దిమందికో. మొదటి విడత పరీక్షలు ముందు చేయించమన్నది ఇందుకే. రెటిక్ పెరిగి, ఎల్‌డీహెచ్ పెరిగి, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగి, దానికి తోడు డీసీటీ పాజిటివ్ అయితే అప్పుడది రోగ నిర్ధారణ. మిగతావన్నీ మామూలుగా ఉండి డీసీటీ ఒక్కటే 1+ వస్తే దాన్ని చూసి నిద్ర మానుకోవద్దు.

గత కొద్ది వారాల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లలో పాజిటివ్ వస్తే ఇంకో ప్రశ్న వేయాలి: రోగి యాంటీబాడీ దాత కణాలను నాశనం చేస్తోందా? పాత ట్రాన్స్‌ఫ్యూజన్ తేదీలు చెప్పకపోతే ల్యాబువాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు.

ఐస్‌బాక్సుతో వచ్చే చిక్కు

చల్లని రకం గురించి మన డెల్టాలో ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ మంచు కురవదు నిజమే, కానీ ఐస్ మాత్రం కావలసినంత ఉంది. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లు గంటల తరబడి ఐసునీళ్లలో చేతులు పెట్టి పనిచేస్తారు. అలాంటి పనిలో ఉన్నవాళ్లకు వేలి చివర్లు, ముక్కు, చెవి తమ్మెలు నీలంగా మారి, వెచ్చబెట్టగానే మామూలు రంగుకు వస్తుంటే, దానికి తోడు నీరసం, పచ్చదనం ఉంటే, డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఉప్పునీళ్లకు చేతులు ఒరిశాయిలే అని వదిలేయకండి. ఈ రకంలో ఐజీఎం యాంటీబాడీ చల్లదనంలో కణాలను గుత్తుగా కట్టేస్తుంది.

అదే పని ట్యూబులో కూడా చేస్తుంది. ఊళ్లోని కలెక్షన్ సెంటర్‌లో రక్తం తీసి, ఐస్‌ప్యాకులున్న పెట్టెలో పెట్టి, బైకు మీద రాజమండ్రికో కాకినాడకో పంపుతారు. చేరేసరికి ట్యూబు గోడకు ఇసుక అంటినట్టు ఎర్రటి పలుకులు కనిపిస్తాయి. దాన్ని మిషన్‌లో పెడితే గుత్తును ఒకే పెద్ద కణంగా లెక్కేస్తుంది. కణాల సంఖ్య ఘోరంగా తక్కువ, ఎంసీవీ (కణం సైజు) ఎక్కువ, ఎంసీహెచ్‌సీ (కణంలో హిమోగ్లోబిన్ చిక్కదనం) అయితే 40 పైన, ఉండటానికి వీల్లేని అంకె. హిమోగ్లోబిన్‌కూ కణాల సంఖ్యకూ పొంతన ఉండదు. మీ సీబీసీ కాగితంలో ఎంసీహెచ్‌సీ 37 దాటి ఉంటే ల్యాబువాళ్లను అడగండి: "శాంపిల్‌ను 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి మళ్లీ పెట్టారా అండీ?" వెచ్చబెట్టగానే అంకెలు సర్దుకుంటే అదే పెద్ద ఆధారం.

చల్లని రకం అనుమానం ఉన్నప్పుడు రోగిని పరీక్ష చేసే ల్యాబుకే తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు. ట్యూబును ముందే వెచ్చబెట్టి, తీశాక గోరువెచ్చని నీళ్లలోనో ఇంక్యుబేటర్‌లోనో ఉంచి సీరం వేరు చేస్తారు. తర్వాత 4 డిగ్రీల దగ్గర కోల్డ్ అగ్లుటినిన్ టైటర్, అంటే ఆ చల్లని యాంటీబాడీ బలం, చూస్తారు. 64 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే లెక్కలోకి తీసుకుంటారు. చిన్నపిల్లలకు వైరల్ జ్వరం తగ్గాక హఠాత్తుగా ఎర్రటి మూత్రం వస్తే డోనత్ లాండ్‌స్టైనర్ అనే ఇంకో పరీక్ష ఉంది. అది కూడా వెచ్చని శాంపిల్‌తోనే, పెద్ద సెంటర్‌లోనే.

నెగెటివ్ వస్తే

లక్షణాలన్నీ ఉండి డీసీటీ నెగెటివ్ వచ్చేవాళ్లు వందలో ఐదు నుంచి పది మంది దాకా ఉంటారు. కణాల మీద యాంటీబాడీ చాలా తక్కువగా ఉన్నా, కడిగేటప్పుడు ఊడిపోయే రకమైనా, ఐజీఏ రకమైనా మామూలు కార్డు పట్టుకోలేదు. పెద్ద రిఫరెన్స్ ల్యాబుల్లో చల్లని సెలైనుతో కడిగి చేయడం, ఫ్లో సైటోమెట్రీ, ఎల్యూషన్ లాంటివి చేస్తారు. హైదరాబాద్ పంపాల్సి రావచ్చు.

అంతకంటే ముందు మిగతా కారణాలను చూడాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్, డాప్సోన్ లాంటి మందులు పడవు, బట్టల్లో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా పడవు. ఇక్కడ ఒక మెలిక ఉంది: కణాలు విరుగుతున్న సమయంలో ముసలి కణాలు ముందే పోయి ఎంజైము ఎక్కువగా ఉన్న పిల్ల కణాలు మిగులుతాయి కాబట్టి పరీక్ష మామూలుగా ఉన్నట్టు చూపిస్తుంది. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. రంపచోడవరం, చింతూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలైతే సికిల్ సెల్ కోసం హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష, మలేరియా స్మియర్ తప్పనిసరి. ఇంట్లో ఇంకొకరికి ప్లీహం పెద్దదై ఉన్నా, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు వచ్చినా పుట్టుకతో వచ్చే స్ఫీరోసైటోసిస్ చూడాలి.

పాజిటివ్ అయితే వెనక ఏముందో వెతకాలి

సగం మంది దాకా ఏదో ఒక మూలకారణం దొరుకుతుంది. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే ఇంకో జబ్బు) కోసం ఏఎన్‌ఏ పరీక్ష, లింఫోమా, లుకేమియా కోసం గడ్డలు తడిమి చూడటం, స్కానింగ్, అవసరమైతే ఫ్లో సైటోమెట్రీ, ఇంకా హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు. ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే ఎవన్స్ సిండ్రోమ్ అంటారు.

మందులను మాత్రం మీరే వెతికి పెట్టాలి, ఏ మిషనూ చెప్పదు. గత రెండు నెలల్లో వాడిన ప్రతి మందు ఖాళీ స్ట్రిప్పు, ఇంజక్షన్ పెట్టె, పాత చీటీలు ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. సెఫ్ట్రియాక్సోన్ సూది మన దగ్గర జ్వరం అనగానే వేసేస్తారు; దాంతో వచ్చే హీమోలిసిస్ అరుదే గానీ, వస్తే, ముఖ్యంగా పిల్లల్లో, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఇదివరకు ఆ సూది వేసుకుని, ఈసారి వేసిన వెంటనే నడుంనొప్పి, ఎర్రటి మూత్రం వచ్చాయంటే ఇంకో డోసు వేయనివ్వకండి. పెన్సిలిన్ జాతి మందులు, పైపెరాసిలిన్, రిఫాంపిసిన్, డైక్లోఫెనాక్ కూడా ఈ జాబితాలో ఉన్నవే. పసరు తాగి ఉంటే అదీ చెప్పండి, దాచొద్దు.

రక్తం మ్యాచ్ కావట్లేదు అన్నప్పుడు

ఈ మాట వినగానే కుటుంబాలు కుప్పకూలిపోతాయి. అన్నదమ్ములు, బావమరుదులు, ఊరి కుర్రాళ్లు ఆటోల్లో వచ్చి బ్లడ్ బ్యాంకు ముందు నిలబడతారు. ఒకరి తర్వాత ఒకరి రక్తం చూస్తారు, ఏదీ మ్యాచ్ కాదు. దాతల్లో ఏ లోపమూ లేదు. రోగి యాంటీబాడీ దాదాపు ప్రతి మనిషి ఎర్ర కణాల మీదా ఉండే పదార్థాన్ని పట్టుకుంటుంది, కాబట్టి ఊరంతా వచ్చినా అంతే. ఇంకా దాతల కోసం ఫోన్లు చేయడం ఆపి, బ్లడ్ బ్యాంకు డాక్టరుగారితో కూర్చోండి.

ఆయన చూసేది వేరే. ఆటోయాంటీబాడీ చాటున, ఎప్పుడో ఎక్కించిన రక్తంవల్లనో గర్భంవల్లనో పుట్టిన ఇంకో యాంటీబాడీ దాక్కుని ఉందా అని. అసలు ప్రమాదం దాంతోనే. అడ్సార్ప్షన్ అనే పద్ధతితో ఆటోయాంటీబాడీని తీసేసి మిగిలినదాన్ని పరీక్షిస్తారు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే రోగి సొంత కణాలతో ఆ పని చేయడం కుదరదు. కాబట్టి మీరు ఆయనకు ముందుగా చెప్పాల్సినవి ఇవి: ఎన్ని కాన్పులు, గర్భస్రావాలు, ఇంతకుముందు రక్తం ఎప్పుడు ఎక్కించారు, ఎక్కడ. అమ్మమ్మకైతే నలభై ఏళ్ల కిందటి కాన్పు కూడా చెప్పాలి.

హిమోగ్లోబిన్ మరీ పడిపోయి గుండె తట్టుకోలేని స్థితిలో ఉంటే, పూర్తిగా మ్యాచ్ కాకపోయినా సరైన గ్రూపు రక్తాన్ని కొద్దికొద్దిగా, నెమ్మదిగా, పక్కనే కనిపెట్టుకుని ఎక్కిస్తారు. డాక్టర్లు ఆ నిర్ణయం తీసుకుంటే సంతకం పెట్టడానికి భయపడకండి. మ్యాచ్ కాలేదని రక్తం ఆపడంవల్ల పోయే ప్రాణాలు కూడా ఉన్నాయి. చల్లని రకం రోగికైతే బ్లడ్ వార్మర్ ద్వారా ఎక్కించాలి, గది ఏసీ ఆపించండి, కాళ్లకు సాక్సులు వేయండి. బ్యాగును వేణ్నీళ్లలో ముంచి వేడిచేయడం మాత్రం ఎవరూ చేయకూడదు, కణాలు బ్యాగులోనే పగిలిపోతాయి.

తర్వాతి నెలల్లో

వైద్యం మొదలయ్యాక చూడాల్సినవి హిమోగ్లోబిన్, రెటిక్, ఎల్‌డీహెచ్. ప్రతి వారం డీసీటీ చేయించాల్సిన పనిలేదు. మనిషి పూర్తిగా కోలుకున్నాక కూడా అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు, అలా ఉన్నంతమాత్రాన మందు పెంచరు. ప్రెడ్నిసొలోన్‌ను బాగుందని మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి. షుగరు చూపించుకుంటూ ఉండండి. రక్తం వేగంగా తయారవడానికి ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, చవక మందే కదా అని మానేయకండి. రిటుక్సిమాబ్ అనే సూది దాకా వెళ్తే అంతకుముందే హెపటైటిస్ బి పరీక్ష అయిందా అని అడగండి.

ఒక చిన్న అట్ట ముక్క మీద రోగి పేరు, గ్రూపు, డీసీటీ ఫలితం, ఐజీజీయా సీ3డీయా, దొరికిన యాంటీబాడీల పేర్లు, పడని మందు, చేసిన తేదీ రాసి లామినేట్ చేయించి పర్సులో పెట్టించండి. ఫైలు ఇంట్లో ఉండిపోతుంది, పర్సు ఎప్పుడూ వెంటే ఉంటుంది. చల్లని రకమైతే ఏ ఆపరేషనుకు వెళ్లినా మత్తు డాక్టరుకు ఆ కార్డు ముందే చూపించాలి, ఎందుకంటే సెలైను, గది, టేబుల్ అన్నీ వెచ్చగా ఏర్పాటు చేసుకోవడానికి ఆయనకు కొంత వ్యవధి కావాలి.